ఆగకూడని పెట్టె

బాబాయిగారు పోయి నెల కావస్తోంది. నాకు ఏడుపు రాలేదు. వస్తుందేమోనని మొదట్లో ఎదురుచూశాను, ఇప్పుడు చూడటం మానేశాను. కాలేజీకి వెళ్తున్నాను, ల్యాబ్ తాళాలు తీస్తున్నాను, పిల్లల రికార్డుల మీద సంతకాలు పెడుతున్నాను. సాయంత్రం గేటు తీసి లోపలికి వచ్చేటప్పుడు మాత్రం అరుగు వైపు చూడకుండా మెట్లెక్కేస్తున్నాను.

మేం బంధువులం కాదు. నూజివీడులో ఆయన ఇంటి మేడ మీద వాటాలో అద్దెకుంటున్నాను, అంతే. ఇక్కడి డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. ఆయన మామిడి వ్యాపారి. పూత మీద తోటలు కొనడం, కాయ కోయించడం, లారీలకెత్తించడం ఆయన పని. నేను సామాను దించుకున్న కొత్తలో ఓసారి "ఓనర్‌గారూ" అని పిలిస్తే మొహం చిట్లించారు. "ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుద్ది. బాబాయ్ అను" అన్నారు. ఆ రోజు నుంచి ఆయన బాబాయిగారు, ఆయన భార్య పిన్నిగారు, నేను అమ్మాయిని.

ఆయనకు దేన్నయినా చేతి వెనక వైపుతో తాకి చూడటం అలవాటు. గడ్డిలో మాగేసిన కాయకు వేడి పుట్టిందా లేదా అన్నది అరచేతికి తెలియదట. కాయలు పట్టుకుని పట్టుకుని అది మొద్దుబారిపోతుందట. అందుకని కాయనే కాదు, కాఫీ గ్లాసునూ, మోటారు సైకిల్ ఇంజన్నూ, జ్వరమొచ్చిన మనవరాలి నుదుటినీ, ఆఖరికి గోడకున్న కరెంటు మీటరును కూడా అలాగే తాకి, తల కాస్త పక్కకు వంచి, ఏదో వింటున్నట్టు నిలబడేవారు. మీటరును తాకితే ఏం తెలుస్తుందండీ అని ఒకసారి అడిగాను. "నీకు తెలవదులే" అన్నారు. ఆయనకూ తెలియదని నా నమ్మకం.

కరెంటు వృథా అయితే ఆయనకు ప్రాణం మీదికొచ్చేది. మనిషి లేని గదిలో ఫ్యాను తిరిగితే ఆయనకు కింద కూర్చున్నా తెలిసిపోయేది. నా వాటాలో బాత్రూం లైటు మర్చిపోతే అరుగు మీద నుంచి కేక వచ్చేది. బిల్లు నాది, మీటరు నాది, బాధ మాత్రం ఆయనది. మొదట్లో నాకు చిర్రెత్తుకొచ్చేది, తర్వాత అలవాటైపోయింది.

ఇంకొకటి, తేలని సంగతి ఏదైనా సరే, దానికి ఆయన దగ్గర ఒకటే జవాబు ఉండేది. "ఇంకా పూత మీదుంది." వానొస్తుందా అంటే పూత మీదుంది. ఫలానావాళ్ళ సంబంధం కుదిరిందా అంటే పూత మీదుంది. చెట్టు నిండా పూత చూసి డబ్బులిచ్చి, ఒక్క మంచు పొద్దుకు అదంతా నేల మీద చూసుకున్న వ్యాపారం కదా, కాయ నిలిచేదాకా దేన్నీ నమ్మేవారు కాదు. ఆ మాట అన్నప్పుడల్లా భుజాన ఉన్న కండువా తీసి ఒకసారి దులిపి మళ్ళీ వేసుకునేవారు.

ఇలాంటి మనిషి ఒకరోజు మెట్లెక్కి వచ్చి, రాత్రనక పగలనక ఆగకుండా నడిచే కంప్యూటరొకటి కావాలన్నారు.

"ఉంగుటూరులో మా వియ్యంకుడింట్లో చూశా అమ్మాయ్. ఓ పెట్టె పెట్టుకున్నారు. వాళ్ళ పెళ్ళి వీడియోలూ అవీ అన్నీ అందులో ఉంటయ్. ఇంట్లో ఏ టీవీలో కావాలన్నా వస్తన్నయ్. పెట్టె ఓ చోట, బొమ్మ ఇంకో చోట."

"అవునండీ. దాన్ని హోమ్ సర్వర్ అంటారు."

"ఏదో ఒకటి అంటార్లే. మధ్యలో గోడున్నా వస్తదా?"

"ఎలాంటి గోడండీ?"

"గోడంటే గోడే. తొమ్మిదంగుళాలది" అని, కిందికి, నడవ వైపు చూశారు. అప్పుడు నాకు అర్థమైంది.

ఆ ఇల్లు ఒకప్పుడు ఒక్కటే. వాళ్ళమ్మగారు పోయాక తోట పంపకాల్లో బోరు ఎవరి వాటాలోకి రావాలన్న దగ్గర అన్నదమ్ములిద్దరికీ మాటా మాటా పెరిగింది. బోరు తమ్ముడికి పోయింది. అమ్మగారి బీరువా అన్నగారికి వచ్చింది. నడవనూ హాలునూ రెండుగా చీలుస్తూ గోడ లేచింది. ఆ తర్వాత ఇద్దరూ ఒకే వీధిలో, ఒకే వ్యాపారంలో, ఒకే పచారీ కొట్టులో ఎదురుపడుతూ ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. బీరువాతో పాటు పెద్దాయన వాటాకు వచ్చినవి వీడియో క్యాసెట్లు. వయసులో ఉండగా ఆయన సరదాపడి మద్రాసు నుంచి కెమెరా తెచ్చుకుని, ఇంట్లో జరిగే ప్రతిదీ తీశారట. వాళ్ళమ్మగారు కదులుతూ మాట్లాడుతూ కనిపించేది వాటిల్లోనే. గోడ కట్టిన కొత్తలో తమ్ముడు ఎవరిచేతో కబురంపాడట, అమ్మ క్యాసెట్లు ఒకసారి ఇమ్మని. "అడిగేదేదో వాణ్ణే వచ్చి అడగమను" అన్నారట ఈయన. తమ్ముడు రాలేదు. ఇద్దరూ మొండితనంలో ఒకరికొకరు తీసిపోరు.

"మొన్న తీసి చూశా అమ్మాయ్. బూజు పడతన్నయ్. అమ్మ మొహం మీదంతా గీతలు. ఇంకో రెండేళ్ళు పోతే వాడు చూద్దామన్నా ఉండవు, నేనిద్దామన్నా ఉండవు."

"దానికి సర్వరెందుకండీ? పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చేస్తే పోయె. నేను తీసుకెళ్ళి ఇస్తాను."

"వాడు చెయ్యి చాపాలిగా తీసుకోడానికి. చాపడు. నా చేత్తో పంపిస్తే నేను తగ్గినట్టు. ఇచ్చినట్టుండకూడదు, తీసుకున్నట్టుండకూడదు. అక్కడ ఉంటయ్. వాడికి బుద్ధి పుడితే చూస్కుంటాడు, లేకపోతే లేదు."

"మరి రాత్రింబవళ్ళూ ఆన్‌లో ఎందుకండీ? సాయంత్రాలు పెడితే చాలదా?"

"వాడికెప్పుడు చూడబుద్ధవుద్దో మనకేం తెల్సు? సరిగ్గా వాడు పెట్టిన టయానికి అది ఆగి ఉందనుకో. అదిగో, ఆపేశాడు అనుకుంటాడు. ఇక చచ్చినా పెట్టడు" అన్నారు. బాత్రూం లైటుకు కేకలేసే మనిషి నోట ఆ మాట విని నేను ఫోను తీసి పెట్టెలు వెతకడం మొదలుపెట్టాను.

ఖరీదు తక్కువుండాలి, కరెంటు తక్కువ తాగాలి, ఆగకూడదు. ఆయన షరతులు ఈ మూడే. తన కొట్లో మూలపడి ఉన్న పాత డెస్క్‌టాప్ వాడదామా అన్నారు. అది ఊరికే కూర్చున్నా సీలింగ్ ఫ్యాను తిరిగినంత కరెంటు తింటుందని చెప్పాను. వెంటనే దాన్ని వదిలేశారు. ఇందుకోసమే తయారుగా అమ్మే పెట్టెలుంటాయని ఫోనులో బొమ్మ చూపించాను. వీడియోలు దాచే డిస్కులు విడిగా కొనుక్కోవాలని తెలిసి, "డిస్కుల్లేకుండానే అంత రేటా? చెట్లు లేని తోట అమ్మినట్టుంది" అన్నారు. అరచేతిలో పట్టే బోర్డు కంప్యూటర్ ఆయనకు బాగా నచ్చింది, చిన్న బల్బంత కరెంటు సరిపోతుందని. కానీ దాంతో ఒక చిక్కుంది. కొన్ని టీవీలకు కొన్ని రకాల వీడియో ఫైళ్ళు అర్థం కావు. అలాంటప్పుడు సర్వరే ఆ ఫైలును అప్పటికప్పుడు మార్చి పంపించాలి. బోర్డుకు ఆ ఓపిక చాలదు.

"ఇంతకీ వాళ్ళ టీవీ ఏదండీ?" అని అడిగాను.

ఆయనకు తెలియదు. అన్నేళ్ళుగా ఆ గుమ్మం తొక్కలేదు. రెండు మూడు రోజులు పోయాక, మేడ మీద బట్టలారేస్తుంటే వచ్చి, పిట్టగోడ దగ్గర వంగి, కళ్ళజోడు పైకీ కిందికీ జరుపుతూ తమ్ముడి వంటింటి వైపు చాలాసేపు చూశారు. వాళ్ళ వంటింటి కిటికీకి ఎండ రాకుండా అడ్డం పెట్టిన అట్ట, టీవీ అట్టపెట్టెది. దాని మీది నంబరు అరచేతిలో పెన్నుతో రాసుకుని నాకు చూపించారు. మొదటి రోజుల్లో వచ్చిన స్మార్ట్ టీవీ అది. దానికి తప్పకుండా మార్చి పంపించాల్సిందే. కాబట్టి బోర్డు కూడా పక్కకు పోయింది. ఆఫీసుల్లో వాడి తీసేసిన చిన్న కంప్యూటర్లు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి, లావుపాటి పుస్తకమంత ఉంటాయి, వీడియో మార్చే పని వాటి చిప్పే చేసేస్తుంది, కరెంటు కూడా ట్యూబ్‌లైటు కన్నా తక్కువే అని చెప్పాను. విజయవాడ వెళ్ళాం.

ఆ కొట్టువాడు మమ్మల్ని ఇప్పటికీ మర్చిపోయి ఉండడు. బల్ల మీద వరసగా చిన్న పెట్టెలు ఆన్ చేసి పెట్టాడు. బాబాయిగారు చొక్కా చేతులు పైకి మడిచి, ఒక్కోదాన్నీ చేతి వెనక వైపుతో తాకుతూ, తల వంచి నిలబడుతూ, బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళారు. నేను ఎంచుకున్న దాని దగ్గర ఆగి, "ఇది వద్దు, కాలిపోతంది. కరెంటు ఇదే తాగేస్తంది" అన్నారు. అది ఫ్యాను లేని రకమనీ, లోపలి వేడిని పై రేకు బయటికి లాగేస్తుంది కాబట్టే చేతికి తగులుతోందనీ, నిజానికి అన్నిటికన్నా తక్కువ తినేది అదేననీ చెప్పాను. నమ్మలేదు. మామిడికాయకు లేని రూలు దీనికెందుకుంటుందని వాదన. చివరికి కొట్టువాడు విసుగెత్తి, ప్లగ్గుకు తగిలించే చిన్న మీటరొకటి తెచ్చి అన్నిటికీ పెట్టి చూపించాడు. బాబాయిగారు అంకెలన్నీ చూశారు. ఇంకోసారి ఆ రేకును తాకారు.

"సరే. పైకి కాలతంది, లోపల ఏం లేదు. అచ్చం మా తమ్ముడే. ఇదే ఇవ్వు" అన్నారు.

తిరుగు దారిలో హనుమాన్ జంక్షన్‌లో దిగాం. ఇంకా పనిచేసే పాత వీసీఆర్ ఉన్న ఫోటోగ్రాఫరు ఒకాయన అక్కడ దొరికితే, క్యాసెట్లన్నీ ఆయనకు ముందే ఇచ్చాం. కంప్యూటర్‌లోకి ఎక్కించి హార్డ్ డిస్కు చేతిలో పెట్టారు. నేను కాలేజీ ల్యాబ్‌లో, పిల్లల మధ్య, సౌండు కట్టేసి, ప్రతి ఫైలునూ మొదలూ చివరా తిప్పి చూసి సరిపెట్టుకున్నాను. ఒకావిడ ఆవకాయ కలుపుతోంది. తోటలో గంపల పక్కన కూర్చుని ఎవరినో తిడుతోంది. ఒక సన్నపాటి కుర్రాడు కెమెరా నుంచి తప్పించుకుని స్తంభం వెనక్కి పోతున్నాడు, మళ్ళీ తొంగి చూస్తున్నాడు. అది తమ్ముడని పోలికలు చూసి పోల్చుకున్నాను.

తర్వాత జరిగింది చెప్తే మా ల్యాబ్‌లో ఎవరూ నమ్మరు. నేను వేసవిలో పేపర్లు దిద్దే డ్యూటీ మీద కొన్నాళ్ళు ఊళ్ళో లేను. వచ్చేసరికి, నేను హాల్లో పెట్టి నడిపించి వెళ్ళిన సర్వర్ అక్కడ లేదు. కాయ మాగేసే గదిలో ఉంది. ఇంటి వాడకానికని ప్రతి ఏడూ ఆ చీకటి గదిలో గడ్డి పరిచి రసాలు పేరుస్తారు. తలుపు తీయరు, గాలి పోదు, పిల్లల్ని రానివ్వరు. ఆ గడ్డిలో, కాయల మధ్య, పైన కూడా కాస్త గడ్డి కప్పుకుని, మా పెట్టె కూర్చుని ఉంది. ఆగిపోయి ఉంది.

"ఇదేం పనండీ?" అన్నాను. నా గొంతు కాస్త పెద్దదే అయింది.

"హాల్లో అయితే ఎవరో ఒకరు చెయ్యి పెడతారని లోపల పెట్టా. మా ఇంట్లో దేన్నన్నా జాగ్రత్తగా చూస్కోవాలంటే ఆ గదేగా. దుమ్ము పడదు, దాని జోలికి ఎవరూ పోరు."

"వేడికి చచ్చిపోయిందండీ."

"ఏమో గానీ అమ్మాయ్, దాని చుట్టూ ఉన్న కాయ మాత్రం ముందే పండింది" అన్నారు. అపరాధం చేసిన మొహం కాదది, కొత్త సంగతి కనిపెట్టిన మొహం. పిన్నిగారు వెనక నుంచి, "పోన్లేమ్మా, దానివల్ల ఓ మంచన్నా జరిగింది" అని పళ్ళెంలో రెండు పండ్లు తెచ్చి నా ముందు పెట్టారు. పండ్లు బాగున్నాయి. ఒక డిస్కు పోయింది. రెండో కాపీ నేను మేడ మీద విడిగా పెట్టుకున్నాను కాబట్టి బతికిపోయాం. పెట్టెను మళ్ళీ హాల్లోకి తెచ్చి, గోడ పక్కన బల్ల మీద పెట్టాను. గోడంటే ఆ గోడే. రౌటర్ దానికే బిగించాను, వైఫై అటు దాటేలాగా. ప్లగ్గు ఎవరూ తీయకుండా దాని మీద ఎర్ర టేపు అంటించాను.

అటువైపు చెప్పి రావడం నా పని. "నేను పంపానని మాత్రం అనొద్దు" అన్నారు బాబాయిగారు.

"మరేం చెప్పమంటారు?"

"నువ్వే చేశావని చెప్పు. కంప్యూటర్ దానివి, ఊరుకోలేక ఏదో ఒకటి చేస్తుంటావని అనుకుంటాడు."

వెళ్ళాను. బాబాయిగారి తమ్ముణ్ణి వీధిలో అందరూ చిన్నాయన అంటారు. సగం నడవలో కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటున్నారు. అన్నగారి ముక్కే, అన్నగారి చెవులే. మీ టీవీలో మీ అమ్మగారి వీడియోలు వచ్చేలా చేస్తాను, ఒకసారి రిమోట్ ఇస్తారా అని అడిగాను. ఆయన పేపరు దించి గోడ వైపు చూశారు.

"ఎవరు పెట్టారు?"

"నేనేనండీ."

"కరెంటెవరిది?"

"కిందవాళ్ళదండీ" అన్నాను. మేడ మీద నుంచి మాట్లాడే అలవాటు కొద్దీ అలా వచ్చింది. ఆయన పేపరు మడిచారు. లేచి, టీవీ పక్కన ఉన్న రిమోట్ తీసి నా చేతికిచ్చి, లోపలికి వెళ్ళిపోయారు. నేను యాప్ పెట్టి, పాస్‌వర్డు కొట్టి, ఎలా తెరవాలో వాళ్ళావిడకు చూపించి వచ్చేశాను.

బాబాయిగారు అరుగు మీద నిలబడే ఉన్నారు.

"రిమోటు నువ్వు తీసుకున్నావా, వాడే ఇచ్చాడా?"

"ఆయనే ఇచ్చారండీ."

"చేత్తోనే?"

"చేత్తోనే."

కండువా తీసి దులిపారు. "పూత మీదుంది" అన్నారు.

ఆ సర్వర్‌లో ఎవరు ఎప్పుడు ఏం చూశారో అంతా నమోదవుతుంది. నా ఫోనులో ఒక్క నొక్కు నొక్కితే తెలిసిపోతుంది. ఆ సంగతి చెప్తే సంతోషిస్తారనుకున్నాను. ఆయన మొహం గంభీరమైపోయింది. "చూడొద్దు. వాడు చూస్తున్నాడో లేదో మనం చూడకూడదు. వాడి ఇంట్లోకి తొంగి చూసినట్టుంటది. ఆ కిటికీ అట్ట సంగతి వేరు, అది అవసరం" అన్నారు. నేను మాటిచ్చాను. చూడలేదు. ఆయన పోయిన తర్వాత కూడా చూడలేదు.

చూడొద్దన్నారే గానీ, రోజూ పొద్దున్నే పళ్ళు తోముకోగానే బల్ల దగ్గరికొచ్చి పెట్టెను చేతి వెనక వైపుతో తాకేవారు. ఏమండీ, చూస్తున్నారంటారా అని నేను ఉండబట్టలేక అడిగితే, "రాత్రి కన్నా వెచ్చగానే ఉన్నట్టుంది" అనేవారు. గాలివాన వచ్చి కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ చాలదేమోనని తన గదిలో ఫ్యాను కట్టేసుకునేవారు. పిన్నిగారు విసనకర్ర ఊపుకుంటూ గొణిగేవారు. "చూసేవాడు చూస్తన్నాడో లేదో తెలవదు, మాకు మాత్రం చెమటలు." ఆయన నవ్వేవారు కాదు. గోడ అవతల తమ్ముడింట్లో ఇన్వర్టర్ ఉందనీ, కరెంటు పోయినా వాళ్ళ టీవీ నడుస్తుందనీ ఆయన లెక్క. తనింట్లో టీవీలో మాత్రం ఒక్కసారి కూడా వాటిని పెట్టుకోలేదు. "నేను తీసినవేగా, నాకు తెలవందేముంది" అనేవారు.

ఈ ఏడు రసాలు మొదలైన రోజుల్లో, బాపులపాడు దగ్గర తోటలో కాయ కోయిస్తూ, గట్టు మీద కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. కూలివాళ్ళు నిద్రపోతున్నారనుకున్నారట. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి ఇంటి ముందు టెంటు వేశారు. హాల్లో ఫ్రీజర్ పెట్టె పెట్టారు. దానికి ప్లగ్గు కావాల్సొచ్చి, ఎవరో మా సర్వర్ ప్లగ్గు పీకేశారు. ఎర్ర టేపు అలాగే ఉంది. నేను జనం వెనక నిలబడి ఆయన మొహం చూడాల్సింది పోయి, ఆ ప్లగ్గునే చూస్తూ నిలబడ్డాను. తిరిగి పెట్టాలని గానీ, పెట్టమని చెప్పాలని గానీ నాకు తోచలేదు. ఏదీ తోచలేదు. పిన్నిగారు నన్ను పట్టుకుని ఏడిస్తే ఆవిడ వీపు నిమిరాను, నా చెయ్యి నాది కానట్టే ఉంది.

చిన్నాయన వచ్చారు. జనం తప్పుకుని దారిచ్చారు. అన్నగారి కాళ్ళ దగ్గర నిలబడ్డారు. చిన్నాయన కొడుకులు పాడె మోశారు. ఆయన కూడా శ్మశానం దాకా నడిచి, స్నానం చేసి, తన గేటులోంచి తను లోపలికి వెళ్ళిపోయారు. దాయాదులు కాబట్టి మైల గోడకు అటువైపు కూడా ఉంది. మాటలు పోతాయి గానీ మైల పోదు. రెండిళ్ళలోనూ పోపు వేయలేదు, రెండిళ్ళ నుంచీ టీవీ చప్పుడు రాలేదు.

పెద్దకర్మ ఇంకా కాకముందే ఒక సాయంత్రం, చిన్నాయన మా మేడ మెట్లెక్కి వచ్చారు. గడ్డం మాసి ఉంది. గుమ్మం బయటే నిలబడ్డారు, ఎంత చెప్పినా కూర్చోలేదు.

"అమ్మా, ఆ పెట్టె ఆపేశారా?"

నాకు ఒక క్షణం ఏ పెట్టో తెలియలేదు. "ఆపలేదండీ. ఆ రోజు ఫ్రీజర్ కోసం ఎవరో ప్లగ్గు తీశారు."

"అంటే ఆయన ఆపలా?"

"ఆయన ఎప్పుడూ ఆపలేదండీ. కరెంటు పోతే తన ఫ్యాను కట్టేసుకున్నారు గానీ దాన్ని ఆపలేదు."

చిన్నాయన తల ఊపారు. చాలాసేపు ఊపుతూనే ఉన్నారు.

"మీరు చూసేవారాండీ?" అని అడిగేశాను.

"రోజూ."

"అమ్మగారినా?"

"మొదట అమ్మ కోసమే పెట్టానమ్మా. తర్వాత్తర్వాత అమ్మ కోసం కాదు." ఆయన పిట్టగోడ వైపు తిరిగి మాట్లాడుతున్నారు. "కెమెరా పట్టుకుంది మా అన్నయ్యగా. ఎక్కడా కనపడడు. వెనకాల నుంచి మాటొకటే వినపడుద్ది. చిన్నా, అమ్మ పక్కన నిలబడు. చిన్నా, ఇటు చూడు. దాక్కుంటావేంట్రా ఎదవా, ఇటు చూడు. అట్టా అంటానే ఉంటాడు. ఆయన నన్ను పిలిచి ఎన్నేళ్ళయిందమ్మా? అందులో పిలుస్తాడు. రోజూ పొద్దున్నే ఓసారి పెట్టుకుని పిలిపించుకునేవాణ్ణి."

నేను ల్యాబ్‌లో సౌండు కట్టేసి చూసిన బొమ్మలు అవి.

"మైల్లో టీవీ పెడతావా అంటారేమో. బొమ్మ కట్టేస్తానమ్మా. మాట చాలు" అన్నారు.

ఆయన తన గేటులోకి వెళ్ళిపోయారు, నేను కిందింట్లోకి వెళ్ళాను. ఫ్రీజర్ ఎప్పుడో పోయింది, ప్లగ్గు ఉట్టినే వేలాడుతోంది. పిన్నిగారు హాల్లో, భర్త పోయినవాళ్ళను కూర్చోబెట్టే మూలలో, చాప మీద కూర్చుని ఉన్నారు. కోడలు పక్కన కూరలు తరుగుతోంది. ఏంటమ్మాయ్ అని పిన్నిగారు అడిగితే, చిన్నాయన అడిగారండీ, పెట్టె ఆన్ చేస్తున్నాను అన్నాను. చిన్నాయన చెప్పినదంతా ఆవిడకు చెప్పే శక్తి నాకు లేకపోయింది. ప్లగ్గు పెట్టాను. పచ్చలైటు వెలిగింది. అది పూర్తిగా లేవడానికి కొంతసేపు పడుతుంది. నేను బల్ల దగ్గరే నిలబడ్డాను.

గోడ అవతల ఏదో గరగర వినిపించింది. గంపలు జరిపిన చప్పుడు, ఎవరో ముసలావిడ కసురుకోవడం. ఆ తర్వాత, సన్నగా, ఆయన గొంతు. వయసులో ఉన్నప్పటి గొంతు, నాకు తెలిసిన దానికన్నా తేలిగ్గా ఉంది. చిన్నా, ఇటు చూడు, అంటోంది.

పిన్నిగారు తలెత్తారు. కాసేపు అలాగే విన్నారు. తర్వాత నేల మీద చెయ్యి ఆనించి లేవబోయారు. "అత్తయ్యా, మూల కూర్చున్నవాళ్ళు లేవకూడదు" అంది కోడలు. ఆవిడ లేచారు. నన్ను దాటుకుని గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. ఇన్నేళ్ళలో ఆవిడ కూడా ఆ మరిదిని పలకరించి ఎరగరు.

"అబ్బాయ్" అని పిలిచారు గోడకేసి. "కొంచెం సౌండు పెంచు."

గోడ అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. తర్వాత సౌండు పెరిగింది.